సుందరి పేరున కారు

బాలాత్రిపురసుందరి పేరున ఒక కారుంది. మండవల్లిలో సొంత కారున్న ఆడవాళ్ళు ఎంతమందో తెలియదు గానీ, సొంత కారుండి, ఐదేళ్ళలో దాని తాళం ఒక్కసారైనా చేత్తో పట్టుకోని మనిషి మాత్రం తనొక్కతే అయ్యుంటుందని సుందరి ఈ మధ్యనే గ్రహించింది. అంతకుముందు ఆ కారు తనదన్న సంగతే ఆమెకు గుర్తుండేది కాదు. ఏడాదికోసారి ఎవరో కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టేది. మిగతా రోజుల్లో ముందు సీటు అత్తగారిది. వెనక సీటు కొబ్బరిబొండాలది, పెళ్ళిళ్ళలో ఇచ్చే చీరల సంచులది, వాటి మధ్య ఇరుక్కుని కూర్చునే తనది.

ఇప్పుడు ఆ కారు ఇంటి పక్క షెడ్డులో దుమ్ము పట్టి ఉంది. దాని ఓనరు మాత్రం ఆధార్ కార్డు చూపించి ఉచిత బస్సెక్కి, ఏలూరు దాకా నిలబడే వెళుతోంది. చంకలో ప్లాస్టిక్ కవరు. అందులో బీమా కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం. ఉత్తరం ఇంగ్లీషులో ఉన్నా అందులోని ఒక్క ముక్క ఆమెకు బాగానే అర్థమైంది. మీ ఆయన కాలికి మేము డబ్బివ్వం అన్నారు. ఎందుకివ్వరన్నదే అర్థం కాలేదు. అది అడగడానికే వెళుతోంది.

కారు ఆమె పేరున పడడానికి మొగుడికి ఆమె మీదున్న ప్రేమ కారణం కాదు. సత్తిబాబుకు నాలుగెకరాల చేపల చెరువుంది. ఒక ఏడు బొచ్చె, శీలావతి బాగా ఎదిగి, ధర కూడా కలిసొచ్చేసరికి, తాడేపల్లిగూడెంలో పాత కారొకటి బేరం చేశాడు. తల్లి రత్నం వెంటనే సిద్ధాంతిగారి దగ్గరకు పరిగెత్తింది. ఆయన జాతకం చూసి, అబ్బాయికి చక్రాల వాహనం అచ్చిరాదు, కోడలి పేరున పెట్టండి, ఆవిడది మంచి పేరుబలం అన్నాడు. పదేళ్ళుగా ఆ అబ్బాయి తిరుగుతున్న మోటార్ సైకిలుకు కూడా చక్రాలే ఉన్నాయన్న సంగతి ఆ పూట ఎవరికీ తోచలేదు. మోటార్ సైకిలు సత్తిబాబు పేరునే ఉండిపోయింది, కారు సుందరి పేరున రిజిస్టరయింది. ఆర్సీ కార్డు మీద ఆమె పేరు అంత పొడుగునా పట్టడానికి అక్షరాలు చిన్నవి చేయాల్సొచ్చిందని ఇంట్లో నవ్వుకున్నారు.

రెండింటి బీమా సంగతీ గోపీనాథ్ చూసేవాడు. సత్తిబాబుకు పిన్ని కొడుకు, వరసకు తమ్ముడు. తాడేపల్లిగూడెంలో ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు పెట్టుకుని, బంధువుల బళ్ళన్నిటికీ ఒకే కంపెనీలో ఇన్సూరెన్సులు కట్టిస్తూ ఉంటాడు. మంచివాడే. ఎవరేమడిగినా కాదనలేని మంచితనం అది.

కిందటి జూన్‌లో తొలి వాన పడ్డ మర్నాడు తెల్లవారుజామున, చెరువులో చేపలు గాలి అందక పైకి తేలుతున్నాయని కాపలావాడు ఫోన్ చేస్తే, సత్తిబాబు మోటార్ సైకిలేసుకుని పరుగున బయలుదేరాడు. చెరువులు తవ్వే ట్రాక్టర్ల నుంచి రాలిన నల్లమట్టి రోడ్డంతా పడి ఉంది. వాన తడికి అది జిగురుగా తయారైంది. తూము దగ్గర మలుపులో బండి జారింది. మనిషి తూము రాయికీ బండికీ మధ్య పడ్డాడు. ఎదురుగా లారీ రాలేదు, బస్సు గుద్దలేదు. ఎవరైనా గుద్ది ఉంటే వాళ్ళ బండి బీమాను అడగొచ్చు. తనంతట తాను పడ్డవాడికి తన సొంత ప్రమాద బీమాయే దిక్కు. ఏలూరు ఆసుపత్రిలో వారం రోజులు చూసి, కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు.

ఆ ఏటి చేపలు ఆసుపత్రికే సరిపోయాయి. శిబిరంలో ఉచితంగా ఇచ్చిన పెట్టుడు కాలు ఇంట్లో నాలుగడుగులకు బాగానే ఉంది గానీ, చెరువు గట్టు ఎక్కి దిగడానికి ఆగలేదు. రెండుసార్లు పడ్డాక సత్తిబాబు దాన్ని మంచం కిందకు తోసేశాడు. మోకాలి దగ్గర మడత పడుతూ, బిగుసుకుంటూ, ఏటవాలులో కూడా మనిషిని నిలబెట్టే కాలు వేరే ఉంటుందని, అది పెట్టిస్తే గట్టు మీద తిరగొచ్చని డాక్టరుగారు చెప్పారు. ఖరీదెక్కువ. అయితేనేం, బీమా వస్తుందిగా అనుకున్నారు. అన్నయ్యకు యజమాని ప్రమాద బీమా ఉంది, కారు పాలసీలో కట్టాం, అది బండి మీద పడ్డా వర్తిస్తుంది, మీరు బెంగపడకండి వదినా అని గోపీనాథ్ ఏడు నెలలుగా ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. ఆ ఏడు నెలలూ సత్తిబాబు అరుగు మీద మంచంలోనే ఉన్నాడు. పొద్దున్నే చేపలకు మేత కట్టే వేళకు చెరువు వైపు తిరిగి కూర్చునేవాడు. చెరువు అక్కడికి కనిపించదు.

ఏలూరు ఆఫీసులో సుందరిని మూడు బల్లలు తిప్పారు. నాలుగో బల్ల దగ్గర అఖిల అని పాతికేళ్ళ అమ్మాయి ఉంది. కూర్చోండి మేడమ్ అని, మంచినీళ్ళిచ్చి, గోపీనాథ్ చెప్పిన మాటంతా విని, రెండు పాలసీలూ కంప్యూటర్లో తీసి చూసింది. సుందరికి ముందు ఆ పిల్ల మీద ఆశ పుట్టింది. ఇంత మర్యాదగా మాట్లాడే మనిషి ఉట్టి చేతులతో పంపదనుకుంది.

"మీ మరిదిగారు చెప్పింది అబద్ధం కాదండీ," అంది అఖిల. "ఒకే మనిషికి కారూ బైకూ రెండూ ఉంటే, యజమాని ప్రమాద బీమా ఏదో ఒకదాని మీద కడితే చాలండి. అది బండికి కాదండీ, మనిషికి. కారు మీద కట్టుకున్నా, బైకు మీద పడితే ఇస్తారు. కాకపోతే రెండిటికీ ఓనరు ఒక్కరే అయ్యుండాలండి. బైకేమో సార్ పేరున ఉంది, కారు మీ పేరున ఉంది."

సుందరికి అర్థమైంది. పదో తరగతి దాకా చదివిన మనిషి, ఆ మాత్రం అర్థం కాకపోదు. ఆయన బండి మీద ఆ బీమా తీసేశారు, కారు మీద ఉంది కదాని. కారు మీద ఉన్నది ఆయనకు కాదు. అంటే ఆయన ఒంటి మీద ఏ బీమా లేకుండానే ఆ రోడ్ల మీద తిరిగాడన్నమాట. అయితే కారు మీద కట్టింది ఎవరికని అడిగింది. మీకేనండి, మీరు కారు నడుపుతుండగా మీకేమైనా అయితే వస్తుంది అంది అఖిల. నాకు నడపడం రాదమ్మా అంది సుందరి. అఖిల కాసేపు తెర వంక చూసి, మీకు లైసెన్సు లేదాండీ అని మెల్లగా అడిగింది. లేదంది సుందరి. అయితే మీకు కూడా రాదండి అంది ఆ పిల్ల, తన తప్పేమీ లేకపోయినా తల దించుకుని.

సుందరికి ఒళ్ళు మండిపోయింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అత్తగారి ఇంట్లో ఇరవై రెండేళ్ళు గొంతు తగ్గించే బతికింది. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు గానీ, పక్క బల్లలకు కూడా వినపడేంత స్పష్టంగా అడిగింది.

"ఆయనకి రాదు, ఓనర్ని నేను కాబట్టి. నాకు రాదు, డ్రైవరు ఆయన కాబట్టి. మరి ఐదేళ్ళ నుంచీ ఎవరి ప్రాణానికి కట్టించుకున్నారమ్మా మీరు?"

లోపలి గదిలోంచి మేనేజరు తొంగి చూసి, లైసెన్సు లేనివాళ్ళకు ఆ కవర్ అసలు ఇవ్వకూడదండీ, అది ఏజెంటు పొరపాటు, మీరు దరఖాస్తు పెడితే అంతమేరకు కట్టిన ప్రీమియం తిరిగిస్తాం అన్నాడు. ఏడాదికి మూడొందల చిల్లర. మనిషి కాలు పోయిందని చెబుతుంటే, ఈ పెద్దమనిషి పది చీపుళ్ళ ఖరీదు తిరిగిస్తానంటున్నాడు. పైగా ఆ మొహంలో తానేదో ఉపకారం చేస్తున్న కళ. ఐదేళ్ళు డబ్బు కట్టించుకునేటప్పుడు లైసెన్సు నెంబరు వేయాల్సిన గడి ఖాళీగా ఉందని ఒక్కడూ చూడలేదు. కాలు తెగాక మాత్రం అందరికీ కళ్ళొచ్చాయి. ఆ దరఖాస్తు నేను పెట్టనని చెప్పి లేచింది.

అఖిల జిరాక్సులు ఇచ్చే వంకతో గుమ్మం దాకా వచ్చింది. సార్ బైకు పాలసీలోనే ఈ కారు పాలసీ నెంబరు వేసి ఉందండీ, వేరే బండి మీద బీమా ఉంది కాబట్టి దీని మీద అక్కర్లేదని, అది మా కంపెనీయే ఒప్పుకుంది, ఆ కారు ఎవరి పేరున ఉందో ఎవరూ చూడలేదు, ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వినియోగదారుల ఫోరంలో కేసు వేయండి అని గొంతు తగ్గించి చెప్పింది. నేను చెప్పానని మాత్రం చెప్పకండి అంది. సుందరి ఆ పిల్ల చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది.

అక్కణ్ణుంచి ఇంటికి వెళ్ళాల్సిన మనిషి, తాడేపల్లిగూడెం బస్సెక్కింది. గోపీనాథ్ మొహం చూసి నాలుగు మాటలు అడిగితే తప్ప ఆ రోజు అన్నం సహించేలా లేదు.

గోపీనాథ్ ఆమెను చూడగానే లేచి నిలబడి, కుర్చీ తుడిచి, కాఫీకి కేకేశాడు. సుందరి కాఫీ ముట్టుకోలేదు. మీ అన్నయ్య బండికి ఆ బీమా ఎందుకు తీసేశావని అడిగింది. కారు నా పేరున ఉందని నీకు తెలియదా, రిజిస్ట్రేషనుకు నువ్వేగా తిరిగావు, సిద్ధాంతి మాట చెప్పి నవ్వింది నువ్వేగా అంది. గోపీనాథ్ తడబడ్డాడు. తెలుసండీ వదినా, తెలుసు గానీ, మొగుడూ పెళ్ళాల బళ్ళు వేరు వేరని నేనెప్పుడూ అనుకోలేదండీ, ఒకే ఇంటి బళ్ళు కదా, ఒకదానికి కడితే రెండోదానికి అక్కర్లేదనుకున్నాను అన్నాడు. ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు. పేరు సుందరిది, కారు సత్తిబాబుది. కాగితాన్ని నిజంగా చదివింది కంపెనీ ఒక్కటే, అదీ కాలు తెగిన తర్వాత.

"నీకు తోచింది నువ్వు చేసేశావు," అంది సుందరి. "మమ్మల్ని ఒక్క మాట అడగాలని తోచలేదా?"

గోపీనాథ్ చాలాసేపు బల్ల మీది పిన్నులు సర్దాడు. ఆ తర్వాత ఫోన్ తీసి, వెనక్కి వెనక్కి వెళ్ళి, ఒక వాయిస్ మెసేజి నొక్కి ఆమె ముందు పెట్టాడు. రెండేళ్ళ కిందటి సత్తిబాబు గొంతు. వెనక చెరువు మీద ఇంజను చప్పుడు. ఒరేయ్ గోపీ, బండికి ఆ మూడొందలు ఎందుకురా దండగ, కారుకి కడుతున్నాం కదా, అది తీసేసి కట్టెయ్ అని, నవ్వుతూ, రెండు కాళ్ళ మీద నిలబడ్డ మనిషి గొంతుతో చెబుతున్నాడు. ఆ గొంతు విని సుందరి కళ్ళు చెమర్చాయి. ఏడు నెలలుగా ఇంట్లో ఆ గొంతు లేదు.

మరి ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగింది. అన్నయ్య చెప్పొద్దన్నాడండి, ఒకవేళ బీమా రాకపోతే తన మీదికొస్తుందని ఆసుపత్రిలో ఉన్నప్పుడే నా చేత ఒట్టు వేయించుకున్నాడు అన్నాడు గోపీనాథ్.

చెమర్చిన కళ్ళు అక్కడే ఆరిపోయాయి. ఈ ఏడు నెలల్లో రత్నం ఎన్ని మాటలంది. దీని పేరున పెట్టబట్టే ఇంత జరిగిందని చుట్టాల ముందు అంది, మంచినీళ్ళ లారీ దగ్గర అంది, పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషికీ కాఫీతో పాటు అందించింది. పేరుబలం అన్నారు గానీ పేరుదోషం అంది. సుందరి అదంతా పడింది. నిజంగానే తన పేరులో ఏదైనా ఉందేమోనని ఒకటి రెండుసార్లు తనను తానే అనుమానించింది కూడా. మంచం మీది మనిషి అన్నీ విన్నాడు. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. పైగా ఒకరోజు, అమ్మ అన్నదాంట్లో తప్పేముంది, కారు నీ పేరున పెట్టాకే కదా ఇలా అయింది అన్నాడు. అది కూడా నిజమే కాబట్టి సుందరి నోరు మూసుకుంది. సగం నిజం చెప్పి సగం మింగిన మనిషి మీద అప్పుడు కాదు, ఇప్పుడొచ్చింది కోపం. తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. రత్నం పక్కింటికి వెళ్ళింది. సుందరి చెప్పులు విడిచి, మంచం ముందు నిలబడి, ఏలూరు సంగతి, గూడెం సంగతి పూస గుచ్చినట్టు చెప్పింది. మెసేజి విన్నానని చెప్పింది. సత్తిబాబు దుప్పటి అంచు నలిపాడు. నా కాలు నా తప్పు వల్లే పోయిందని నా నోటితో ఎలా చెప్పుకోను అన్నాడు.

"కాలు పోవడం మీ తప్పు కాదండీ," అంది సుందరి. "మట్టి మీద బండి జారింది, అంతే. ఆ మాట నా మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నారే, అదీ మీ తప్పు."

అత్తయ్యకు మీరే చెబుతారా అని అడిగింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె రెట్టించలేదు. తానే వెళ్ళి అత్తగారికి చెప్పొచ్చు, గోపీ చేత ఆ మెసేజి పంపించుకుని వినిపించొచ్చు. కానీ కాలు లేని మనిషిని తల్లి ముందు దోషిలా నిలబెట్టడానికి మనసొప్పలేదు. ఆ మనసొప్పకపోవడం మీద కూడా ఆమెకు కోపంగానే ఉంది.

ఏలూరులో ఒక లాయరమ్మ దొరికింది. రెండు పాలసీలూ పక్కపక్కన పెట్టి చూసి, కేసు బలంగానే ఉందండీ, కంపెనీ తన కాగితంతో తానే దొరికిపోయింది అంది. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే, ఏడాదో రెండేళ్ళో, గెలిచాక వాళ్ళు పై కోర్టుకి వెళితే ఇంకెన్నాళ్ళో, నేను మాటివ్వలేనండి అంది. సుందరి కేసు వేసింది. వేసి, అదే రోజు డాక్టరుగారి దగ్గరకు వెళ్ళి, ఇలాగే ఇంకో రెండేళ్ళు మంచంలో ఉంటే ఏమవుతుందని అడిగింది. మిగిలిన తొడ కండ కరిగిపోతుందమ్మా, తర్వాత ఎంత మంచి కాలు పెట్టినా నడిపించడం కష్టం, పెడితే ఈ రెండు మూడు నెలల్లోనే పెట్టాలి అన్నారాయన.

కారు అమ్ముదామని ఆ సాయంత్రమే సత్తిబాబుతో అంది. ఆయన ఒప్పుకోలేదు. కేసు గెలుస్తాం కదా అన్నాడు. కారు అమ్మితే సత్తిబాబు పనైపోయిందని ఊరంతా అనుకుంటుంది, చెరువు లీజుకిస్తావా అని ఒక్కొక్కడూ వచ్చి వాలతాడు అన్నాడు. రత్నమైతే షెడ్డు తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నంత పని చేసింది. షెడ్డులో కారుంటే మంచంలో ఉన్న మనిషికి పరువుంటుందట. ఎవరూ నడపని ఆ కారుకు మళ్ళీ ఇన్సూరెన్సు కట్టాల్సిన నెల వచ్చింది. గోపీనాథ్ నుంచి గుర్తుచేసే మెసేజి కూడా వచ్చింది. సుందరికి ఇక ఓపిక అయిపోయింది.

నవాజ్‌ది ఏలూరులో పాత కార్ల వ్యాపారం. ఫోన్ చేస్తే మూడో రోజు పొద్దున్న పది గంటలకు వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, తెల్లచొక్కా, మెత్తటి మాట. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ ఎత్తి చూసి, స్టార్ట్ చేయబోయాడు. బ్యాటరీ పోయి ఉంది. తన బండిలోంచి వైర్లు తెచ్చి స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడుకు అరుగు మీద మంచంలోంచి సత్తిబాబు కేకలేశాడు. ఎవడ్రా అది, ఎవరు రమ్మన్నారు, అమ్మేది లేదు పొమ్మన్నాడు. నవాజ్ ఇంజను ఆపేశాడు.

"సార్‌కి ఇష్టం లేనట్టుందండీ," అన్నాడు. "ఇంట్లో మాట్లాడుకుని చెప్పండమ్మా, ఇంకో రోజు వస్తాను."

"ఆర్సీలో సార్ పేరుందాండీ?" అంది సుందరి.

నవాజ్ కార్డు తిప్పి చూశాడు. చిన్న చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. లేదండీ, మీ పేరే ఉంది అన్నాడు. అయితే బేరం నాతో మాట్లాడండి అంది. ఇద్దరూ షెడ్డు నీడలో నిలబడి మాట్లాడుకున్నారు. ఆమెకు బేరమాడడం కొత్త కాదు. చేపల వ్యాపారులు గట్టు మీదికొచ్చి చెప్పే ధరలు, మొగుడికి మజ్జిగ తెచ్చిచ్చే వంకతో ఇరవై ఏళ్ళు విన్నది. నవాజ్ చెప్పిన దానికి ఒప్పుకోలేదు. రెండుసార్లు వెళ్ళొస్తానన్నాడు, రెండుసార్లూ వెళ్ళలేదు. చివరికి కాలి ఖరీదుకూ, లాయరు ఫీజుకూ సరిపోయే దగ్గర బేరం తెగింది.

కాగితాల మీద సంతకాలు పెట్టిస్తూ నవాజ్ ఒక మంచి మాట చెప్పాడు. ఐదేళ్ళలో మీరు ఒక్క క్లెయిము కూడా చేయలేదు కాబట్టి మీకు నో క్లెయిమ్ బోనస్ బాగా పెరిగిందండీ, అది కారుతో పోదు, ఓనరుతోనే ఉంటుంది, కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుని దాచుకోండి, మూడేళ్ళ లోపు ఇంకో కారు కొంటే ఆ ప్రీమియంలో సగం దాకా తగ్గుతుంది అన్నాడు. సుందరి ఆశగా, ఇంట్లో మోటార్ సైకిలుంది, దానికి తగ్గించరా అని అడిగింది.

"కుదరదండీ. కారు బోనస్ కారుకే. బైకు వేరు, కారు వేరండి."

సుందరి సంతకం మధ్యలో ఆగింది. తర్వాత ఎంతో నెమ్మదిగా, ఇన్నాళ్ళుగా లోపల మరుగుతున్నదంతా ఆ పరాయి మనిషి ముందు చెప్పింది.

"ఆయన బండి మీద బీమా తీసేసేటప్పుడు కారూ బైకూ ఒకటే అన్నారండి. కాలు పోయాక అడిగితే వేరు వేరన్నారు. కట్టించుకునేటప్పుడు నేను ఓనర్ని, ఇవ్వాల్సొచ్చేసరికి నాకు లైసెన్సు లేదు. ఇప్పుడు మిగిలిన బోనస్ కూడా ఇంకో కారు కొనుక్కునేవాళ్ళకే ఇస్తారట. ఎటు తిప్పి చూసినా వాళ్ళు ఇవ్వకుండా ఉండే వైపే ఉంటుందేంటండీ?"

నవాజ్ ఏమనగలడు. ఆ రూల్స్ అంతేనమ్మా అన్నాడు. ఆమె మిగతా సంతకం పూర్తి చేసింది. పేరు పొడుగే, అయినా ఒక్క అక్షరం కుదించకుండా బాలాత్రిపురసుందరి అని మొత్తం రాసింది. నవాజ్ డబ్బు అక్కడికక్కడే ఆమె ఖాతాలో వేసి, ఫోన్లో మెసేజి వచ్చిందాకా ఆగి, కారు తీశాడు.

కారు వీధి మలుపు తిరిగేసరికి గుడికి వెళ్ళిన రత్నం ఆయాసపడుతూ వచ్చింది. ఖాళీ షెడ్డు చూసి నెత్తి కొట్టుకుంది. దీని పేరున పెట్టినందుకు కాలూ పోయింది, కారూ పోయింది, ఇంకా ఏం పోవాలో అని వీధి వినేట్టు అంది. సత్తిబాబు మంచం మీద లేచి కూర్చుని ఊగిపోతున్నాడు. మొహం ఎర్రబడింది. నా మాట లేకుండా నా కారు అమ్మడానికి నువ్వెవతెవే అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన నోట ఆమె ఎప్పుడూ వినని మాట అది.

సుందరి చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టింది. పమిట దోపుకుని మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమెకు ఏడుపు రాలేదు. భయం కూడా వేయలేదు.

"ఆ కారు నాది, నేను అమ్మాను. రేపు తొమ్మిదింటి బస్సుకి ఏలూరు వెళుతున్నాం, కాలికి కొలతలు తీసుకుంటారు. ఆ కాలు పెట్టించుకుని, లేచి నిలబడి, అప్పుడు తిట్టండి నన్ను. మంచంలో కూర్చుని తిడితే నేను వినను."

రత్నం ఇంకేదో అనబోయింది. సత్తిబాబు చెయ్యెత్తి ఆపాడు. ఆయన చూపు పెళ్ళాం మీదే ఉంది. ఎర్రబడ్డ మొహం మెల్లగా పాలిపోయింది.

"దాన్నేమీ అనకమ్మా," అన్నాడు. "బండికి ఆ బీమా తీసేయమన్నది నేనే. గోపీకి చెప్పింది నేనే. దాని పేరుకేం దోషం లేదు."

రత్నం కొడుకు వంకా కోడలి వంకా చూసి లోపలికి వెళ్ళిపోయింది. సుందరి కాగితాలు ప్లాస్టిక్ కవర్లో సర్దుకుంటోంది. సత్తిబాబు మిగిలిన తొడ మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఆ బస్సు మెట్లు బాగా ఎత్తేమో, సుందరీ," అన్నాడు.

"ఎత్తే," అంది సుందరి, కోపం ఇంకా తగ్గకుండానే. "ఎక్కుదురుగాని."